ధూళి యెచటికి పోవును?

ప్రాతఃకాలమున తూర్పు కిటికీగుండ ఎండ తరగతిగదిలో పడుచుండగా, ఎవరైన ఆ గదిని చీపురుతో ఊడ్చుచున్నచో, ఆ వెలుగులో లెక్కలేనన్ని రేణువులు తేలియాడుట మీరందఱును చూచియుందురు. ఊడ్చువారు పోయిన పిదప కూడ వానిలో సన్ననివి గంటలకొలది గాలిలో నిలిచి, మెల్లగా బల్లలమీదను పుస్తకములమీదను దిగును. పెద్ద రేణువులు చేటలోనికి వచ్చును. చిన్నవి మన ఊపిరిలోనికి వచ్చును. అనగా చీపురు చేయు పనిలో శుభ్రపఱచుట సగము, ధూళికి చోటు మార్చుట సగము. ఈ చిక్కును తీర్చుటకై పుట్టినదే వాక్యూమ్ క్లీనరు అను యంత్రము.

నిరుడు మన గ్రంథాలయమునకు అట్టి యంత్రమొకటి కొనబడినప్పుడు, అంగడివాడు పలురకములను మా ముందఱ నిలిపి ఒక్కొక్కదానిని ఒక్కొక్క విధముగా పొగడెను. ఎన్ని వాట్లు, ఎన్ని లీటర్లు, ఎన్ని చక్రములు అని లెక్కలు చెప్పెనే కాని, లాగిన ధూళి తుదకు ఎచటికి పోవునో అతడు చెప్పలేదు, మేమును అడుగలేదు. అడుగవలసిన ప్రశ్న అదియేయని తరువాత తెలిసినది. ఆ కథ చివర చెప్పెదను.

ముందుగా పేరును విచారింతము. వాక్యూమ్ అనగా శూన్యము. పదునేడవ శతాబ్దిలో జర్మనీ దేశమున మాగ్డెబర్గు నగరపాలకుడైన ఆటో ఫాన్ గెరిక్ రెండు లోహపు అర్ధగోళములను ఒకటిగా అమర్చి, లోని గాలిని పంపుతో తీసివేయగా, ఇరుప్రక్కల గుఱ్ఱములను కట్టి లాగించినను అవి విడిపోలేదన్న సంగతి మీరు భౌతికశాస్త్రమున చదివియే యుందురు. వానిని పట్టియుంచినది లోని శూన్యము కాదు, వెలుపలి గాలి బరువు. చదరపు సెంటిమీటరు ఒక్కింటికి ఇంచుమించు ఒక కిలోగ్రాము బరువుతో గాలి మనలను అన్నివైపుల ఒత్తుచున్నది. వాక్యూమ్ క్లీనరులోని పంకా నిమిషమునకు వేలకొలది సార్లు తిరిగి గాలిని వెనుకకు త్రోయగా, గొట్టములో గాలి పలుచనగును. గదిలోని గాలి ఆ లోటును పూరించుటకై పరుగెత్తుచు త్రోవలోని దుమ్మును ఈడ్చుకొనిపోవును. కావున యంత్రము ధూళిని పీల్చుననుట వాడుకమాట; నిజమునకు గదిలోని గాలియే దానిని లోనికి త్రోయుచున్నది. శూన్యమన్న పేరు కూడ గొప్పకు పెట్టుకొన్నదే. ఇండ్లలో వాడు యంత్రము సాధారణముగా గాలి యొత్తిడిని అయిదింట నొక వంతు మాత్రమే తగ్గించును.

ఇచ్చట ఒక చిన్న పరిశీలన. యంత్రము తిరుగుచుండగా గొట్టపు మూతిని అఱచేతితో ఒక్క క్షణము మూయుడు. మోత సన్నబడి హెచ్చును. మోటారు కష్టపడుచున్నదని అందఱును తలంతురు. నిజము అందులకు విరుద్ధము. త్రోయుటకు గాలి రానందున పంకాకు పని తగ్గి, అది మఱింత వేగముగా తిరుగుచున్నది. అప్పుడు ఒత్తిడి భేదము మిక్కిలి హెచ్చుగా నుండును గాని గాలి పారదు. గాలి పారనిచో రేణువొక్కటియు కదలదు. ఒత్తిడియు ప్రవాహమును రెండును కలిసి యుండవలెను. సంచి దుమ్ముతో నిండి దాని రంధ్రములు పూడినప్పుడు జరుగునదియు నిదియే. ఎక్కువసేపు మూయకుడు, అనేక యంత్రములలో మోటారును చల్లపఱచునది ఆ గాలియే.

ఇక చరిత్ర. తొలుత కొందఱు ధూళిని ఊది తొలగింపజూచిరి. 1901వ సంవత్సరమున లండను నగరములో అట్టి అమెరికా యంత్రమొకదానిని ప్రదర్శించిరి. అది తివాచీమీదికి గాలిని ఊదగా దుమ్ము లేచి పెట్టెలో పడవలెను. పడినది కొంత, తిరిగి గదిలో వ్యాపించినది కొంత. చూచుచున్న హ్యూబర్టు సెసిల్ బూత్ అను ఇంజనీరు, ఊదుటకు మాఱుగా లాగరాదా యని యడిగెను. అది అసాధ్యమని ప్రదర్శకుడు కసరెనట. బూత్ అంతటితో ఊఱకుండలేదు. ఒక భోజనశాలలో మెత్తని కుర్చీమీద చేతిగుడ్డ పఱచి, దానిపై నోరానించి గట్టిగా పీల్చెను. దగ్గుతో ఉక్కిరిబిక్కిరి యయ్యెను గాని, గుడ్డ అడుగువైపున నల్లని మచ్చ ఏర్పడెను. ఆ మచ్చనుండియే ఈ పరిశ్రమ పుట్టినదన్నను తప్పు లేదు. అతడు చేసిన యంత్రము గుఱ్ఱపుబండిమీద వీధిలో నిలిచియుండగా, పొడవైన గొట్టములను కిటికీలగుండ ఇండ్లలోనికి చొప్పించెడివారు. 1902వ సంవత్సరమున ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలు దానితోనే శుభ్రపఱుపబడెను.

బూత్ ధూళిని గుడ్డలో పట్టెను. ఆ ధూళి బారినపడి యంత్రము చేసినవాడు మఱియొకడు గలడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున కాంటన్ పట్టణములో జేమ్సు మర్రీ స్పాంగ్లర్ ఒక పెద్ద అంగడిలో ఊడ్చుపని చేయుచుండెను. అతనికి ఉబ్బసము కలదు. ప్రతిదినము తివాచీలు ఊడ్చుట, ప్రతిరాత్రి దగ్గుట. అతడు విద్యుత్పంకా మోటారు, సబ్బుల పెట్టె, చీపురుకఱ్ఱ, తలగడ గలీబు కూర్చి ఒక యంత్రము చేసి, 1908వ సంవత్సరమున పేటెంటు పొందెను. దానిని వాడిచూచిన సూసన్ హూవర్ అను గృహిణి మెచ్చి భర్తతో చెప్పెను. ఆ భర్త విలియం హూవర్ గుఱ్ఱపు జీనులు మొదలగు తోలువస్తువులు చేయించు వర్తకుడు. మోటారుకార్లు వచ్చి గుఱ్ఱములు పోవుచున్నవని చింతించుచుండెను. ఆ పేటెంటును కొని అతడు క్రొత్త వ్యాపారమున దిగెను. ఇంగ్లండులో నేటికిని ఏ సంస్థ యంత్రముతో ఊడ్చినను ‘హూవరు చేయుట’ యనియే యందురు. స్పాంగ్లర్ పేరు మాత్రము తెలిసినవారు అరుదు.

ఇప్పుడు భేదములు. నిలువుగా నుండునది, నేలపై ఈడ్చునది, భుజమున తగిలించునది, చేతిలో పట్టునది, తనంతట తాను తిరుగునది అని అంగడులలో చెప్పు భేదములు చాలవఱకు ఆకారభేదములే. స్వీడను దేశపు ఎలక్ట్రోలక్సు సంస్థ 1921వ సంవత్సరమున నేలపై జాఱు గొట్టమువంటి యంత్రమును తెచ్చెను. 2002వ సంవత్సరమున ‘రూంబా’ అను గుండ్రని మర యంత్రము వచ్చెను. ఇవి వాడుకలోని సౌకర్యమును బట్టి ఎన్నుకొనదగినవి. అసలు భేదము గాలినుండి ధూళిని వేఱుచేయు పద్ధతిలో నున్నది. ఆ పద్ధతులలో ముఖ్యమైనవి మూడు. మూడును మన పెద్దలకు తెలియనివి కావు.

మొదటిది సంచి. మన వైద్యులు చూర్ణమును గుడ్డలో జల్లించి వస్త్రగాళితము చేయుదురు. అక్కడ గుడ్డలో నిలుచునది ముతక. క్రిందికి దిగునది మెత్తనిది. వైద్యునికి కావలసినది ఆ మెత్తనిదే. పాత గుడ్డసంచి యంత్రములో జరుగునదియు నిట్టిదే. కాని యిచ్చట దిగు మెత్తని పొడి మన ఊపిరికి వచ్చును. ముతక దుమ్ము ముక్కులోను గొంతులోను చిక్కి తుమ్ముతోనో దగ్గుతోనో వెలుపలికి పోవును. మిక్కిలి సన్ననిది మాత్రము ఊపిరితిత్తుల అడుగువఱకు దిగును. కావున ముతకను దాచుకొని సన్ననిదానిని గదిలోనికి విడుచు యంత్రము నేలకు మేలు చేసి మనుష్యునికి కీడు చేయుచున్నది. నేటి మంచి కాగితపు సంచులలోను, కృత్రిమపు నారసంచులలోను ఈ దోషము చాలవఱకు తగ్గినది. నిండినదానిని మూతి మూసి పారవేయవచ్చును. వానికై మరల మరల సొమ్ము వ్యయమగుట ఒక్కటే లోపము.

రెండవది నీరు. ఉదయమున వాకిట కళ్ళాపి చల్లి ఊడ్చుటయందలి యుక్తియే యిది: తడిసిన దుమ్ము లేవదు. గాలిని నీటిపాత్రగుండ పోనిచ్చు యంత్రములు గలవు. పని ముగిసిన పిదప బురదనీరు పారబోయునప్పుడు దుమ్ము లేవకపోవుట వీని గొప్పగుణము. అయినను గాలిబుడగల నడుమ చిక్కిన సన్నని రేణువులు తడియకయే దాటిపోగలవు, యంత్రము బరువు, వాడిన ప్రతిసారియు కడుగవలెను, లేనిచో కంపు కొట్టును.

మూడవది సుడిగాలి. తూర్పారబట్టునప్పుడు గాలి తేలికైన పొట్టును కొట్టుకొనిపోవగా బరువైన గింజ చెంతనే రాలుట మీరెఱుగుదురు. బియ్యపుమిల్లులో గరాటివలె క్రిందికి సన్నగిల్లు పెద్ద రేకుడబ్బాను చూచినవారు దానిని మఱింత తేలికగా గ్రహింతురు. తవుడుతో గూడిన గాలి దానిలోనికి ప్రక్కగా ప్రవేశించి సుడులు తిరుగును. బరువైన రేణువులు గోడను తాకి క్రిందికి జాఱును, గాలి నడుమనుండి పైకి పోవును. బ్రిటిషువాడైన జేమ్సు డైసన్, తన యింటి యంత్రపు సంచి పూడిపోవుటచే విసిగి, ఈ పద్ధతిని చిన్నదిగా చేయబూని 5,127 నమూనాలు చేసెను. అతని యంత్రము 1993వ సంవత్సరమున ఇంగ్లండులో అమ్మకమునకు వచ్చెను. సంచి లేదు గనుక పూడుట తక్కువ. కాని అతి సన్నని రేణువులు సుడిలోనుండియు తప్పించుకొనును. అందుచే వెనుక ఒక వడపోత ఉండవలెను. అంతకంటె ముఖ్యము, పెట్టెను బోర్లించునప్పుడు లోని ధూళి యంతయు ఒక్కమారుగా లేచును.

ఆ వడపోతలలో మేలైనది ‘హెపా’. మైక్రాను అనగా మిల్లిమీటరులో వేయవ వంతు. వెండ్రుక దళసరి ఇంచుమించు డెబ్బది మైక్రానులు. 0.3 మైక్రాను రేణువులలో నూటికి 99.97 వంతులు ఆపు వడపోతకు ఆ పేరు చెల్లును. ఆ కొలతనే ఏల గ్రహించిరి? పెద్ద రేణువులు తమ వేగముచే నారను తాకి చిక్కును. మిక్కిలి చిన్నవి గాలి యణువుల తాకిడిచే త్రాగినవానివలె తూలుచు ఎక్కడనో నారను తగిలి చిక్కును. ఈ రెండింటి నడిమివే పట్టుటకు కష్టమైనవి. కష్టమైనదానిని పట్టినది తక్కినవానిని మఱింత బాగుగా పట్టును.

వాట్ల విషయము రెండు మాటలలో ముగింతును. వాట్లు యంత్రము తిను విద్యుత్తును తెలుపును గాని చేయు పనిని తెలుపవు. వర్తకులు వాట్లే బలమని ప్రజలను నమ్మింపగా, ఐరోపా సమాఖ్య 2014వ సంవత్సరమున 1600 వాట్లకును, 2017వ సంవత్సరమున 900 వాట్లకును మించిన యంత్రములను నిషేధించెను. పరిశ్రమవారు తక్కువ వాట్లతోనే తగిన యంత్రములు చేసిరి.

ఈ పరిశ్రమ మనకేల యని మీరు అడుగవచ్చును. చలిదేశములలో గోడనుండి గోడకు తివాచీలు పఱతురు. వారికి ఇది పుట్టినది. ఏలూరు తివాచీలు ఎంత పేరుపొందినను మన ఇండ్లలో నేల బండరాయియో గచ్చో, తడిగుడ్డ చాలును. 1982వ సంవత్సరమున స్థాపింపబడిన యూరేకా ఫోర్బ్సు సంస్థవారి యువకులు కంఠమున టై కట్టుకొని ఇంటింటికి వచ్చి ఈ యంత్రమును చూపినప్పుడు, అది చాలమందికి అవసరముకంటె వేడుకగా తోచినది. ఇది స్త్రీలకు తీఱిక కలిగించునన్న ప్రకటనలను కూడ నేను సులభముగా నమ్మను. రూత్ ష్వార్ట్జ్ కొవన్ అను అమెరికా చరిత్రకారిణి 1983వ సంవత్సరపు తన గ్రంథములో, ఇంటి యంత్రములు వచ్చిన పిదప తల్లుల పనిగంటలు తగ్గలేదని చూపెను. పూర్వము ఎప్పుడో ఒకమారు మగవారును పిల్లలును తివాచీని వెలుపలికి మోసి దులుపుచుండగా, యంత్రము వచ్చిన పిదప ప్రతివారము ఆ పని గృహిణి యొక్కతెయే చేయవలసివచ్చెను.

అయినను ఈ పరిశ్రమ ముఖ్యమైనదే. రాళ్లు కోయుచోట రాలు సన్నని పొడి ఊపిరితిత్తులను గట్టిపఱచు సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దానికి తిరుగుమందు లేదు. అట్టిచోట పొడిచీపురు విషము చిమ్మునట్టిది. నీటితో తడుపుటయో, హెపా వడపోత గల యంత్రము వాడుటయో కర్తవ్యము. ఆస్పత్రులు, మందుల కార్ఖానాలు, పత్తిమిల్లులు, మనవంటి గ్రంథాలయములు గూడ ఈ లెక్కలోనివే. పుస్తకమును తడుపరాదు గదా.

ఇక మా కథ. మేము కొన్నది గుడ్డసంచి యంత్రము, వెల తక్కువ. మన పాఠశాలలో ముప్పదియేండ్లుగా ఊడ్చుచున్నామెను మీరందఱు పెద్దమ్మ యనియే పిలుతురు. ఆమె దగ్గు కూడ మీకు తెలిసినదే. యంత్రముతో ఆమె కష్టము తీఱునని నేను సంతోషించితిని. వారము గడచిన పిదప వెనుకవైపు గోడయొద్ద ఆమె సంచిని విప్పి దులుపుచుండగా చూచితిని. ముఖము, తల, చీర అంతయు బూడిదరంగు. యంత్రము ఎట్లున్నదని అడిగితిని.

“గదుల్లో బాగానే ఉందండి మాస్టారూ. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోలేదండి. వారమంతా కూడబెట్టి ఒక్కసారే నా మొగాన పోస్తోందండి,” అనెను.

నాడు సాయంకాలమే కాగితపు సంచులకై చీటి వ్రాసితిని. ఆ యంత్రములో అవి సరిపడుటకు ఒక చట్రము కూడ కొనవలసివచ్చెను. ఈ వ్యయమును ముందుగానే వెలలో కలిపి ఏల చూడలేదని కార్యదర్శిగారు అడిగిరి. నిజమే, నేను చూడలేదు. ఇప్పుడు నిండిన సంచిని పెద్దమ్మ విప్పదు. మూతి మూసి అట్లే పారవేయును. గ్రంథాలయపు వసారాకు మాత్రము యంత్రము వలదన్నది. అక్కడ నేటికిని నీళ్లు చిలికి చీపురుతోనే ఊడ్చుచున్నది.