కొలీగ్ అడిగిన చందా: ఇచ్చే ముందు చూసుకోవలసిన లెక్కలు

న్యూజెర్సీలోనో బోస్టన్‌లోనో పనిచేసే తెలుగువాళ్లకు ఇలాంటి మెయిల్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మేనేజర్ కూతురి బాత్ మిట్జ్వా, అంటే యూదు అమ్మాయిలు యుక్తవయసుకు వచ్చినప్పుడు చేసే వేడుక. కానుకలు వద్దు, ఫలానా యూదు సమ్మర్ క్యాంపు స్కాలర్‌షిప్ ఫండ్‌కు చందా ఇస్తే చాలు అని రాస్తారు. మీ పిల్లలు యూదు కమ్యూనిటీ సెంటర్, అంటే జేసీసీ ప్రీస్కూల్‌కు వెళ్తుంటే అక్కడి నుంచి ఏటా విరాళాల ఉత్తరం కూడా వస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇస్తే మాత్రం ఎక్స్‌పెన్స్ రిపోర్టు పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో ఇక్కడా అంత పడాలి. కంపెనీ మ్యాచింగ్ గ్రాంటు, ట్యాక్స్ రిటర్న్, పై అధికారితో సంబంధం, ఈ మూడూ ఒక్క చెల్లింపుతో ముడిపడి ఉంటాయి.

దేనికి అడుగుతున్నారు?

యూదు యువత కోసం అనగానే అంతా ఒకటే అనుకోకండి. హిల్లెల్ 1923లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మొదలైంది. కాలేజీ విద్యార్థులతో పనిచేస్తుంది. బీబీవైఓ హైస్కూలు పిల్లల సంస్థ. దాని మూలాలు 1924లో ఒమాహాలో ఉన్నాయి. పీజే లైబ్రరీ 2005 నుంచి యూదు కుటుంబాల పిల్లలకు ఉచితంగా కథల పుస్తకాలు పంపుతోంది. బర్త్‌రైట్ ఇజ్రాయెల్ యువతను ఉచితంగా పది రోజుల ఇజ్రాయెల్ యాత్రకు తీసుకెళ్తుంది. వీటికి తోడు మామూలు చదువుతో పాటు యూదు మతబోధ ఉండే డే స్కూళ్లు, యూదు ప్రార్థనా మందిరాలైన సినగాగ్‌ల ఆదివారం బడులు, వేసవి క్యాంపులు ఉన్నాయి. డే స్కూళ్ల ఫీజులు మధ్యతరగతికి బరువే కాబట్టి వాటికి వచ్చే చందాలు స్కాలర్‌షిప్‌లకు కూడా పోతాయి.

క్యాంపు స్కాలర్‌షిప్‌కు ఇవ్వడానికి మీకు అభ్యంతరం లేకపోవచ్చు, ఇజ్రాయెల్ యాత్రకు ఇవ్వడం ఇష్టం లేకపోవచ్చు. అలాంటప్పుడు డబ్బు ఏ ఫండ్‌కు వెళ్లాలో చందా ఫారంలోనే రాయండి. అసలు ఇవ్వదలచుకోకపోతే కార్డు మీద శుభాకాంక్షలు రాసి ఊరుకోండి. కారణాలు టీమ్ చాట్‌లో పెట్టకండి. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్-హమాస్ యుద్ధం మొదలైన తర్వాత అమెరికా ఆఫీసుల్లో ఈ విషయం మీద ఎటు మాట తూలినా హెచ్‌ఆర్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

ఎంత ఇవ్వాలి?

మనం 116, 516 రాసినట్టే యూదులు 18ని శుభంగా చూస్తారు. కాబట్టి 18, 36, 54, 180 డాలర్లు మామూలు అంకెలు. మేనేజర్ ఇంటి వేడుక అయినా 36 తక్కువేమీ కాదు. మెప్పు కోసం 360 రాస్తే వచ్చే ఏడాది ఇంకో కొలీగ్ అడిగినప్పుడు కూడా అంతే రాయాలి. పైగా దాతల జాబితాను స్థాయిల వారీగా అచ్చు వేయడం చాలా సంస్థల అలవాటు. మీరు ఎవరికి ఎంత ఇచ్చారో అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే పేరు వెల్లడించవద్దన్న గడిలో టిక్ పెట్టండి.

డబ్బు ఎవరి చేతికి?

కొలీగ్‌కు జెల్‌లో పంపకండి. సంస్థ సొంత సైట్‌లో మీ కార్డుతో కట్టండి. అంతకు ముందు ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లోని సంస్థల జాబితాలో పేరు, ఈఐఎన్ అనే గుర్తింపు సంఖ్య చూడండి. పన్ను మినహాయింపు ఉన్న 501(సి)(3) సంస్థ అయితే అక్కడ కనిపిస్తుంది. ఒక మినహాయింపు ఉంది. సినగాగ్‌లు, చర్చిలు, గుళ్ల వంటి ప్రార్థనా సంస్థలకు, అవి విడిగా దరఖాస్తు పెట్టకపోయినా, పన్ను మినహాయింపు ఉంటుంది. జాబితాలో లేనంత మాత్రాన సినగాగ్ నకిలీ అనుకోనక్కర్లేదు. కానీ కంపెనీ మ్యాచింగ్ పోర్టల్ దాన్ని ఒప్పుకోకపోవచ్చు.

మ్యాచింగ్ దగ్గరే ఉద్యోగాలు పోతాయి

మీరు 360 డాలర్లు ఇస్తే కంపెనీ ఇంకో 360 ఇస్తుంది అనుకుందాం. ఇందులో తప్పు నాలుగు చోట్ల జరుగుతుంది.

మొదటిది, నలుగురి డబ్బు. టీమ్‌లో ఐదుగురు తలా 72 వేసుకుని మీ కార్డుతో 360 కట్టారు. మీరు మొత్తానికి మ్యాచింగ్ అడిగారు. అందులో మీది 72 మాత్రమే. ఇది నా సొంత డబ్బు అని పోర్టల్‌లో మీరు క్లిక్ చేసింది అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది. ఎవరి 72 వాళ్లు కట్టి, ఎవరి క్లెయిమ్ వాళ్లు పెట్టుకోవాలి.

రెండోది, ఫీజును చందాగా చూపించడం. జేసీసీ ప్రీస్కూల్ ఫీజు, డే స్కూల్ ట్యూషన్, క్యాంపు రుసుము, ఇవేవీ విరాళాలు కావు. బదులుగా మీ పిల్లలకు సేవ అందింది. ఫ్రంట్ డెస్క్‌లో ఎవరైనా డొనేషన్ అని రసీదు ఇస్తామన్నా వద్దనండి.

మూడోది, మతపరమైన కార్యక్రమాలు. పూర్తిగా మతబోధకు వెళ్లే డబ్బుకు చాలా కంపెనీలు మ్యాచింగ్ ఇవ్వవు. సినగాగ్ ఆదివారం బడికి ఇచ్చిన చందాను విద్య కింద పెట్టి దాటవేయాలని చూడకండి. అనుమానం ఉంటే క్లెయిమ్ పెట్టక ముందే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

నాలుగోది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, డబ్బు తిరిగి రావడం. 2024 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో ఆపిల్ మాజీ ఉద్యోగులు ఆరుగురిపై కేసు పెట్టారు. చందా ఇచ్చినట్టు చూపి, ఇచ్చింది వెనక్కి తీసుకుని, కంపెనీ నుంచి సుమారు 1,52,000 డాలర్ల మ్యాచింగ్ రాబట్టారన్నది ఆరోపణ. 2025 ఏప్రిల్‌లో ఫ్యానీ మే సంస్థ అనైతిక ప్రవర్తన, మోసానికి సహకరించడం కారణాలుగా చెప్పి వందకు పైగా ఉద్యోగులను తొలగించింది. దాన్ని మ్యాచింగ్ గ్రాంట్లతో ముడిపెట్టి మన పత్రికలు చాలా రాశాయి. ఇవి యూదు సంస్థల వ్యవహారాలు కావు. కానీ మీ క్లెయిమ్‌ను ఆడిట్ చేసేవాళ్లకు ఏ సంస్థయినా ఒకటే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇది మరిచిపోవద్దు.

ట్యాక్స్ లెక్క

ఒకేసారి 250 డాలర్లు, అంతకు మించి ఇస్తే బ్యాంకు స్టేట్‌మెంట్ చాలదు. సంస్థ రాసిన ఉత్తరం కావాలి. బదులుగా మీకు ఏమైనా ఇచ్చారో లేదో అందులో ఉండాలి. రిటర్న్ దాఖలు చేసేలోపే అది చేతికి రావాలి.

డే స్కూల్ వాళ్ల విందుకు 180 డాలర్ల టికెట్ కొన్నారు, భోజనం విలువ 60 అనుకోండి. విరాళం 120 మాత్రమే. రాఫిల్ టికెట్లు అసలు విరాళం కిందికి రావు.

నిజానికి మనలో చాలామందికి ఇన్నాళ్లూ దీనివల్ల పన్ను తగ్గలేదు. 2025లో దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. దాన్ని దాటే ఖర్చులు లేకపోతే చందా లెక్కలోకి రాదు. 2026 నుంచి ఐటమైజ్ చేయనివాళ్లు కూడా నగదు చందాల మీద ఒక్కరైతే 1,000, దంపతులైతే 2,000 డాలర్ల దాకా మినహాయింపు తీసుకోవచ్చు. కాబట్టి చిన్న రసీదులు కూడా దాచండి. జేసీసీ డే క్యాంపు రుసుము విరాళం కాకపోయినా, 13 ఏళ్ల లోపు పిల్లలకు చైల్డ్ కేర్ క్రెడిట్ కింద రావచ్చు. రాత్రి బస ఉండే క్యాంపుకు అది వర్తించదు.

సంస్థ నిలుస్తుందా?

పెద్ద మొత్తం ఇవ్వాలన్నా, అలాంటి సంస్థలో ఉద్యోగానికి చేరాలన్నా ఈ ప్రశ్న వేసుకోవాలి. మసాచుసెట్స్‌లో రాబర్ట్ ఐ. లాపిన్ ఫౌండేషన్ యూదు టీనేజర్లను ఇజ్రాయెల్ యాత్రలకు పంపేది. దాని డబ్బు న్యూయార్క్ పెట్టుబడుల వ్యాపారి బెర్నార్డ్ మేడాఫ్ దగ్గర ఉంది. 2008 డిసెంబరులో మేడాఫ్ మోసం బయటపడగానే ఫౌండేషన్ తలుపులు మూసింది, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. వాళ్ల రిటైర్మెంట్ పొదుపు కూడా అక్కడే చిక్కుకుంది. తర్వాత విరాళాలతో యాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ఉద్యోగులకు జరిగిన నష్టాన్ని ఫౌండేషన్ వ్యవస్థాపకుడు లాపిన్ సొంత డబ్బుతో పూడ్చారు. అందరికీ అలాంటి యజమాని దొరకడు.

ఇలాంటి సంస్థలు ఏటా ఐఆర్ఎస్‌కు సమర్పించే ఫారం 990ని ఎవరైనా చదవవచ్చు. రాబడి ఎన్ని చోట్ల నుంచి వస్తోంది, పెట్టుబడులు ఎంత, పై అధికారుల జీతాలెంత అన్నవి అందులో చూడండి. ఒక్క దాత మీదే నడిచే సంస్థ అయితే ఏడాదికోసారి ఇవ్వండి, ఐదేళ్ల ప్లెడ్జ్ రాయకండి. అక్కడ ఉద్యోగం చేస్తుంటే మీ 401(కె) సొమ్ము ఎక్కడ పెట్టారో కనుక్కోండి.

చందా కట్టిన రోజే రసీదు, ఈఐఎన్, మ్యాచింగ్ నిర్ధారణ ఒకే ఫోల్డర్‌లో పెట్టేయండి. చందా ఇచ్చినట్టు మామూలుగా సంస్థే తెలియజేస్తుంది; ఎంత ఇచ్చారో మేనేజర్‌కు చెప్పనక్కర్లేదు. 36 ఇచ్చినా 360 ఇచ్చినా మీ రేటింగ్ మారదు. తప్పుడు మ్యాచింగ్ క్లెయిమ్ పెడితే మాత్రం వ్యవహారం రేటింగ్ దాకా కూడా వెళ్లదు.