నడిపేవారు – నడిపించేవారు

ఉద్దేశం: ఒకరి పనిని మరొకరికి అప్పగించే ఆధునిక వ్యాపార పద్ధతిలో బాధ్యత ఎక్కడ నిలుస్తుందో విద్యార్థులచేత ఆలోచింపజేయడం.

తెలుగు వ్యాకరణంలో 'చేయు' ఒక క్రియ. 'చేయించు' దాని ప్రేరణార్థకం. మొదటిదానిలో కర్త ఒక్కడే. రెండవదానిలో ఇద్దరు: చేసేవాడొకడు, చేయించేవాడొకడు. నేటి వ్యాపార ప్రపంచంలో ఈ రెండవ క్రియకు ప్రాబల్యం పెరిగింది. ఒక సంస్థ తన పనిని తాను చేయక, మరొక సంస్థచేత చేయించుకోవడాన్ని అవుట్‌సోర్సింగ్ అంటారు. అమెరికా విమానయానరంగం ఇందుకు చక్కని ఉదాహరణ.

ఏ సంస్థ ఏ మార్గంలో తిరగాలో, ఎంత ఛార్జీ వసూలు చేయాలో అమెరికాలో పూర్వం ప్రభుత్వమే నిర్ణయించేది. 1978లో చేసిన చట్టం ఈ నియంత్రణలను తొలగించింది. స్వేచ్ఛ లభించగానే పెద్ద సంస్థలు కొన్ని మహానగరాలను కేంద్రాలుగా చేసుకొన్నాయి. బండిచక్రపు ఆకులన్నీ నాభిని చేరినట్లు, చిన్న పట్టణాల మార్గాలన్నీ ఆ కేంద్రాలను చేరసాగాయి. ఈ చిన్న మార్గాలలో పెద్ద విమానాలు నడపడం గిట్టుబాటు కాదు. అందుచేత ఆ పనిని ప్రాంతీయ విమాన సంస్థలకు అప్పగించారు.

ఈ ఒప్పందాల స్వరూపం గమనింపదగినది. పెద్ద సంస్థ కాలపట్టికను రూపొందిస్తుంది. ఛార్జీ నిర్ణయించి టికెట్లు అమ్ముతుంది. ప్రాంతీయ సంస్థ పైలట్లను, సిబ్బందిని సమకూర్చి, విమానం నడిపి, నిర్ణీత రుసుము పుచ్చుకొంటుంది. విమానంపై రంగులు, పేరు మాత్రం పెద్ద సంస్థవే. స్కైవెస్ట్ అనే ఒక్క సంస్థే డెల్టా, యునైటెడ్, అమెరికన్, అలాస్కా సంస్థల పేర్లతో విమానాలు నడుపుతున్నది. తమ ఉద్యోగాలు తరలిపోతాయన్న భయంతో పెద్ద సంస్థల పైలట్ల సంఘాలు వేతన ఒప్పందాలలో 'స్కోప్' అనే నిబంధనను చేర్పించాయి. దాని ప్రకారం ప్రాంతీయ విమానాలలో సాధారణంగా 76 సీట్లకు మించి ఉండరాదు.

ఈ ఏర్పాటులోని లోపాన్ని ఒక విషాదం బయటపెట్టింది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి నెవార్క్ నుండి బఫెలోకు బయలుదేరిన 3407వ నెంబరు విమానం, గమ్యానికి చేరువలో ఒక ఇంటిపై కూలిపోయింది. విమానంలోని 49 మంది, ఇంటిలోని ఒకరు మరణించారు. టికెట్లపై ఉన్న పేరు కాంటినెంటల్. విమానం నడిపినది కోల్గన్ ఎయిర్. వేగం తగ్గిపోగా, పైలట్ చేతిలోని నియంత్రణ దండం కంపించి హెచ్చరించింది. విమానపు ముక్కును దించి వేగం పెంచవలసిన ఆ క్షణంలో కెప్టెన్ దండాన్ని వెనక్కు లాగాడు. ఇదే ప్రమాదానికి కారణమని దర్యాప్తులో తేలింది. పైలట్లిద్దరిపైనా అలసట ప్రభావం ఉండవచ్చునని కూడా దర్యాప్తు సంఘం భావించింది. సహపైలట్ సియాటిల్ నుండి రాత్రంతా ప్రయాణించి విధులకు వచ్చింది. ఆమె వార్షిక వేతనం సుమారు 16 వేల డాలర్లు మాత్రమే.

మృతుల కుటుంబాలు దుఃఖాన్ని దిగమింగుకొని, చట్టసభల చుట్టూ తిరిగి పోరాడాయి. ఫలితంగా 2010 ఆగస్టులో కొత్త చట్టం వచ్చింది. అంతకుముందు 250 గంటల అనుభవంతో సహపైలట్ కాగలిగేవారు; ఈ చట్టంతో సాధారణంగా 1,500 గంటలు అవసరమయ్యాయి. విమానం నిజంగా నడిపే సంస్థ ఏదో టికెట్ అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పాలనే నియమం ఏర్పడింది. పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలు 2014లో అమలులోకి వచ్చాయి.

అయితే ప్రాంతీయ సంస్థల సేవను తక్కువ చేయరాదు. ఎన్నో చిన్న పట్టణాలకు ఆకాశమార్గంలో అవే దిక్కు. 2022లో పైలట్ల కొరత ఏర్పడి స్కైవెస్ట్ 29 పట్టణాలకు సర్వీసులు మానుకొంటామని ప్రకటించినప్పుడు, ఆ ఊళ్లు తల్లడిల్లాయి. పైలట్లను నిలుపుకోవడానికి ఆ ఏడాదే ప్రాంతీయ సంస్థలు వేతనాలను గణనీయంగా పెంచవలసివచ్చింది. చౌకగా లభించిన శ్రమకు అసలు విలువ ఎంతో, అది కరవైనప్పుడే తెలిసింది.

పనిని అప్పగించవచ్చు; ఖర్చును తగ్గించుకోవచ్చు. కాని ప్రయాణికుడు నమ్మేది టికెట్‌పై ఉన్న పేరును. చేసినవానితోపాటు చేయించినవానికీ ఫలంలో భాగముంటుందన్న పెద్దల మాట, లాభానికే కాక నష్టానికీ వర్తించాలి. పేరు ఇచ్చినవారు బాధ్యతను కూడా స్వీకరించినప్పుడే ఆ నమ్మకం నిలుస్తుంది.

ప్రశ్నలు
1. పెద్ద విమాన సంస్థలకు, ప్రాంతీయ సంస్థలకు మధ్య ఒప్పందాల స్వరూపాన్ని వివరించండి.
2. 2009 నాటి ప్రమాదం ఏ మార్పులకు దారితీసింది?
3. 'చేయించేవానికీ బాధ్యత ఉంటుంది' – మీ అభిప్రాయాన్ని సోదాహరణంగా రాయండి.