కోడింగ్ రాకపోయినా సాఫ్ట్‌వేర్‌లో చోటుంది

సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే కోడింగే అన్న నమ్మకం మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, బీఏ ఇంగ్లిష్ చక్కగా చదివిన అమ్మాయిని కూడా జావా నేర్చుకొమ్మని అమీర్‌పేట హాస్టల్లో దింపి వస్తున్నారు. కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు, ఆపైన ‘ఇంకా ఉద్యోగం రాలేదా’ అంటూ రోజూ ఫోన్లు. ఇష్టంలేని పనిలోకి నెట్టి, వెనకబడిందని పిల్లనే తిట్టడం అన్యాయం.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్లూ ఉంటారు. సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో వాడేవాళ్లకు అర్థమయ్యేలా రాయడం వాళ్ల పని. ఏ డిగ్రీ అయినా సరే, తేటగా ఇంగ్లిష్ రాయగలగాలి.

ఒకప్పుడు ప్రోగ్రామ్ కొంటే డబ్బాలో డిస్కులతో పాటు లావుపాటి మాన్యువల్ వచ్చేది. 1990లో విండోస్ 3.0 వచ్చేసరికి ఎఫ్1 నొక్కితే సాయం తెర మీదే కనిపించేది. ఇప్పుడు డబ్బా లేదు, పుస్తకమూ లేదు కాబట్టి రాసేవాళ్లతో పనిలేదనుకుంటే పొరపాటు. నిజానికి పని పెరిగింది. పుస్తకం రాసేటప్పుడు మొదటి అధ్యాయం చదివాకే రెండోదానికి వస్తారని అనుకోవచ్చు. ఆన్‌లైన్ హెల్ప్‌కు వచ్చేవాళ్లు గూగుల్లో వెతికి నేరుగా మధ్య పేజీలో దిగుతారు. ఆ ఒక్క పేజీతోనే వాళ్ల పని జరగాలి. తెర మీద ‘సబ్మిట్’ బటన్ ‘ప్రొసీడ్’గా మారితే హెల్ప్ పేజీ కూడా ఆ రోజే మారాలి.

‘పాస్‌వర్డ్ మార్పు సదుపాయం సెట్టింగ్స్ విభాగమునందు కల్పించబడినది’ అని రాస్తే ఎవరికి ఉపయోగం? ‘సెట్టింగ్స్ తెరవండి. సెక్యూరిటీ నొక్కండి. పాత పాస్‌వర్డ్ ఇచ్చి, కొత్తది టైప్ చేయండి’ అంటే పనైపోతుంది. ఇలా రాయడానికి కాన్వెంట్ ఇంగ్లిష్ అక్కర్లేదు. తెలుగు మీడియం పిల్లలు నిశ్చింతగా ప్రయత్నించవచ్చు.

అయితే ఇక్కడా వలలున్నాయి. మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్, రోబోహెల్ప్ లాంటి టూల్స్ నేర్పి ‘నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్’ అనేవాళ్లకు వేలకు వేలు కట్టకండి. టూల్‌లో మెనూలు నేర్చుకోవడం పెద్ద పని కాదు, రాయడం రావాలి. టెక్నికల్ రైటింగ్‌పై గూగుల్ కోర్సులు ఉచితం. ఈ పనిలో అక్కరకొచ్చే మార్క్‌డౌన్, గిట్ నేర్చుకోవడానికీ పైసా ఖర్చు లేదు. ఇక దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల జోలికి అసలే వెళ్లొద్దు. చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఆ ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది. తల్లిదండ్రులే డబ్బిచ్చి ఇలాంటివి చేయించడం చూస్తే నాకు కోపం ఆగదు.

టెక్నికల్ రైటర్ ఖాళీలు కోడింగ్ ఉద్యోగాలంత ఎక్కువ ఉండవు. ఏఐ కూడా చిత్తుప్రతి రాసిపెడుతోంది. కానీ ఒక్కో బటన్ నొక్కి చూసి, ఫలానా మెట్టు తప్పని పట్టుకుని, డెవలపర్‌ను అడిగి సరిదిద్దే మనిషి ఇంకా కావాలి. ఆ ఓపిక మీకుంటే లిబ్రేఆఫీస్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్ బృందంలో చేరండి. అక్కడ మీరు సరిదిద్దిన పేజీల లింకులు రెజ్యూమెలో పెట్టండి. సర్టిఫికెట్ కంటే వాటికే విలువ ఎక్కువ.