కొత్త హెడ్‌లైటు ఎందుకు మొరాయిస్తుంది?

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు ఒక్క సెకనులో సుమారు 11 మీటర్ల దూరం పోతుంది. చీకటి రోడ్డు మీద హెడ్‌లైటు రెండు సెకన్లు ఆరిపోతే, ఆ బండి 22 మీటర్లు గుడ్డిగా నడిచిందన్నమాట. ఆ 22 మీటర్లలో దీపం లేని ఎడ్లబండి ఉండవచ్చు, ఇంటికి మళ్ళుతున్న గేదె ఉండవచ్చు, నడిచిపోతున్న మనిషే ఉండవచ్చు.

అందుకే కొందరు పాత బల్బు తీయించి, ఎక్కువ వెలుగునిచ్చే బల్బు పెట్టించుకొంటారు. కాని ఒక్కొక్కప్పుడు కథ అడ్డం తిరుగుతుంది. కొత్త బల్బు అనుకొన్నంత వెలుగు ఇవ్వదు. లేదా ఫ్యూజు పోతుంది. లేదా హెడ్‌లైటు వెలగదు గాని, మీటరు మీది చిన్న నీలం దీపం వెలుగుతుంది! బల్బు మంచిది కాదనుకొని ఇంకొకటి కొంటారు. దానికీ అదే గతి.

తప్పు చాలాసార్లు బల్బులో ఉండదు. బల్బుకు విద్యుత్తు పోయి వచ్చే దారిలో ఉంటుంది. ఆ దారిని పరీక్షించడానికి మీరు తరగతిలో చదువుకొన్న ఓమ్ నియమం చాలు. ఎలాగో చూద్దాం.

పోయే దారి, వచ్చే దారి

బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజు, తాళంచెవి స్విచ్చి, లైటు స్విచ్చి, డిమ్మర్ స్విచ్చి దాటి బల్బుకు చేరుతుంది. ఇది పోయే దారి. మరి తిరిగివచ్చే దారి ఏది? బండి ఇనుప చట్రమే! బల్బు నుంచి ఒక చిన్న వైరు చట్రానికి బిగించి ఉంటుంది. బ్యాటరీ ఋణ ధ్రువం కూడా చట్రానికే కలిపి ఉంటుంది. మెకానిక్కులు దీనిని ‘బాడీ ఎర్త్’ అంటారు. పేరు ఎర్త్ అయినా భూమితో దీనికి సంబంధం లేదు. బండి నిలిచేది రబ్బరు టైర్ల మీద గదా!

ఈ దారిలో ఎన్నో అతుకులు ఉన్నాయి. తుప్పు పట్టిన మర, రంగు పూసిన చట్రం, వదులైన పిన్ను – వీటిలో ప్రతి ఒక్కటీ కొంత నిరోధాన్ని చేరుస్తుంది. పాత బల్బుతో ఆ లోపం కనబడకుండా గడిచిపోతుంది. కొత్త బల్బు వచ్చాక బయటపడుతుంది. కారణం లెక్కలో ఉంది.

లెక్క చేసి చూద్దాం

జర్మనీలోని కొలోన్ నగరంలో హైస్కూలు ఉపాధ్యాయుడుగా పనిచేసిన గియోర్గ్ సైమన్ ఓమ్ 1827లో తన నియమాన్ని గ్రంథరూపంలో ప్రకటించాడు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే విద్యుత్ ప్రవాహం వస్తుంది.

12 వోల్టుల బండిలో 35 వాట్ల బల్బు నిరోధం సుమారు 4.1 ఓములు. 60 వాట్ల బల్బుది 2.4 ఓములు. వైర్లు, అతుకులు అన్నీ కలిసి 0.4 ఓము నిరోధం ఉన్నదనుకొందాం. వోల్టేజి మారినా బల్బు నిరోధం మారదనే అనుకొందాం.

పాత బల్బు: మొత్తం నిరోధం 4.5 ఓములు. ప్రవాహం 2.67 ఆంపియర్లు. దారిలో పోయే వోల్టేజి 1.07. బల్బుకు దక్కేది సుమారు 10.9 వోల్టులు.

కొత్త బల్బు: మొత్తం నిరోధం 2.8 ఓములు. ప్రవాహం 4.29 ఆంపియర్లు. దారిలో పోయే వోల్టేజి 1.71. బల్బుకు దక్కేది 10.3 వోల్టులే.

చూశారా? 60 వాట్ల బల్బు నిజానికి 44 వాట్లే వాడుకొంటుంది. పైగా ఫిలమెంటు బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే, వెలుగు 30 శాతం దాకా తగ్గుతుంది. దారిలో వేడిగా వృథా అయ్యే సామర్థ్యం మాత్రం 2.8 వాట్ల నుంచి 7.3 వాట్లకు పెరిగింది. ఆ వేడి ఎక్కువగా ఒక్క వదులైన పిన్ను దగ్గరే పుడితే ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది. మెకానిక్ తీసి చూపించే నల్లబడిన హోల్డరు వెనుక ఉన్న సంగతి ఇదే.

నీలం దీపం రహస్యం

హెడ్‌లైటు బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి దూరపు వెలుగుకు, రెండవది దగ్గర వెలుగుకు. రెండింటికీ ఎర్త్ వైరు ఒక్కటే. దూరపు వెలుగు వేసినప్పుడు మీటరు మీద నీలం దీపం వెలుగుతుంది. ఆ దీపం దూరపు ఫిలమెంటుకు వచ్చే వైరుకే కలిపి ఉంటుంది. దానికి వేరే ఎర్త్ ఉంటుంది.

బల్బు మార్చేటప్పుడు హెడ్‌లైటు ఎర్త్ వైరు ఊడిపోయిందనుకోండి. దగ్గర వెలుగు స్విచ్చి వేశారు. విద్యుత్తు దగ్గర ఫిలమెంటులోకి వచ్చింది. ఎర్త్ దారి మూసుకుపోయింది. అప్పుడది దూరపు ఫిలమెంటు గుండా వెనక్కి నడిచి, నీలం దీపం గుండా చట్రానికి చేరుతుంది. మూడూ శ్రేణిలో ఉన్నాయన్నమాట.

నీలం దీపం 2 వాట్లదైతే దాని నిరోధం 72 ఓములు. మొత్తం నిరోధం 4.1 + 4.1 + 72, అంటే 80.2 ఓములు. ప్రవాహం 0.15 ఆంపియరు. ఒక్కొక్క ఫిలమెంటుకు 0.6 వోల్టు దక్కుతుంది, నీలం దీపానికి 10.8 వోల్టులు దక్కుతాయి. అందుకే పెద్ద దీపం చీకటిగాను, చిన్న దీపం వెలుగుతూను ఉంటాయి. వెలగకూడని దీపం వెలిగితే మొదట ఎర్త్ వైరును చూడాలి.

తప్పు పట్టే పద్ధతి

చాలామంది బల్బు ఊడదీసి, హోల్డరు పిన్నుల మధ్య మల్టీమీటరు పెడతారు. 12 వోల్టులు చూపుతుంది. వైరింగు బాగున్నదని తేల్చేస్తారు. కాని బల్బు లేనప్పుడు ప్రవాహం దాదాపు లేదు. ప్రవాహం లేకపోతే చెడ్డ అతుకులో కూడా వోల్టేజి పడిపోదు. వంతెన బలం బండి ఎక్కినప్పుడే తెలుస్తుంది గాని, ఖాళీగా ఉన్నప్పుడు తెలియదు గదా! కాబట్టి బల్బు పెట్టి, స్విచ్చి వేసి పరీక్షించాలి.

1. మీటరు ఒక కొనను బ్యాటరీ ఋణ ధ్రువానికి, రెండవ కొనను బల్బు ఎర్త్ పిన్నుకు తాకించండి. సున్నాకు దగ్గరగా చూపాలి. అర వోల్టు దాటితే తిరిగివచ్చే దారిలో లోపం ఉన్నది.

2. ఒక కొనను బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవ కొనను బల్బుకు విద్యుత్తు వచ్చే పిన్నుకు తాకించండి. ఇక్కడ ఎక్కువ చూపితే పోయే దారిలో లోపం.

3. లోపం ఉన్న దారిలో ఒక్కొక్క స్విచ్చి, ఒక్కొక్క అతుకు దాటుతూ కొలవండి. రీడింగు ఎక్కడ ఒక్కసారిగా మారితే అక్కడే దొంగ దొరికాడు.

అతుకును గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలావరకు పని తీరుతుంది. ఈ కొలతలు పెద్దవారి ఎదుట, బండి నిలిపి ఉంచి మాత్రమే చేయాలి. వైర్లు విప్పే ముందు బ్యాటరీ ఋణ ధ్రువపు వైరు తీసివేయాలి.

బ్యాటరీ మోయగలదా?

పాత మోటారు సైకిళ్ళలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీతో వెలగదు. ఇంజనులోని మాగ్నెటో ఇచ్చే ఏకాంతర విద్యుత్తుతో నేరుగా వెలుగుతుంది. యాక్సిలరేటరు తిప్పితే వెలుగు పెరిగేది అందుకే. ఫిలమెంటుకు విద్యుత్తు ఏ దిశలో వచ్చినా ఒకటే. ఎల్.ఇ.డి. మాత్రం ఒకే దిశలో ప్రవాహాన్ని పోనిస్తుంది. అందువల్ల ఏకముఖ విద్యుత్తు కోసం చేసిన ఎల్.ఇ.డి. బల్బును అక్కడ పెడితే మినుకు మినుకుమంటుంది.

అప్పుడు హెడ్‌లైటు వైరును బ్యాటరీకి కలిపిస్తారు. 35 వాట్ల బల్బు సుమారు 2.9 ఆంపియర్లు తీసుకొంటుంది. 2.5 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ, తిరిగి నిండకపోతే, లెక్క ప్రకారం 50 నిమిషాలకే ఖాళీ అవుతుంది. మరునాడు హారన్ బొంగురుపోతుంది. 15 వాట్ల ఎల్.ఇ.డి.కి 1.25 ఆంపియర్లు చాలు. అయినా నింపేది ఎంత, వాడేది ఎంత అని చూసుకొన్న తరువాతే మార్పు చేయించాలి. ఎదుటివారి కళ్ళు మిరుమిట్లు గొలిపే బల్బు ఎంత వెలుగునిచ్చినా మంచిది కాదు.

ఫ్యూజును మోసగించకండి

బల్బు మార్చిన వెంటనే ఫ్యూజు పోతే, హెడ్‌లైటు రింగు కింద ఏదో వైరు నలిగి చట్రానికి తగులుతున్నదేమో చూడాలి. ఆ వైరు నిరోధం 0.1 ఓము అనుకొంటే, లెక్కకు 120 ఆంపియర్లు! చిన్న బ్యాటరీ అంత ఇవ్వలేదు గాని, అది ఇచ్చే పదుల ఆంపియర్లే వైరును కాల్చడానికి చాలు. ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టేవారు ఉన్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. ఆ వైర్లు పోయేది పెట్రోలు ట్యాంకు కిందనుంచి! ఫ్యూజు పోవడం రోగం కాదు, రోగం ఉన్నదన్న కబురు.

మీరు చేసి చూడండి

12 వోల్టుల బ్యాటరీకి ఒక 35 వాట్ల హెడ్‌లైటు బల్బును, ఒక 2 వాట్ల మీటరు బల్బును శ్రేణిలో కలపండి. ఏది వెలుగుతుందో ముందే ఊహించి రాసుకోండి. తరువాత స్విచ్చి వేయండి.

ప్రశ్నలు

1. పై ప్రయోగంలో ఒక్కొక్క బల్బుకు ఎన్ని వోల్టులు దక్కుతాయి?

2. అతుకులు శుభ్రం చేశాక దారి నిరోధం 0.4 నుంచి 0.1 ఓముకు తగ్గింది. ఇప్పుడు 60 వాట్ల బల్బుకు దక్కే వోల్టేజి ఎంత?

3. స్విచ్చి వేసినా బల్బు వెలగలేదు. ఎర్త్ పిన్నుకు, బ్యాటరీ ఋణ ధ్రువానికి మధ్య మీటరు 12 వోల్టులు చూపింది. లోపం ఏ దారిలో ఉన్నది? ఎలా చెప్పగలరు?