రాజీ పడితే కేసు పోతుందా?

ప్రశ్న: వినుకొండ దగ్గర కర్నూలు రోడ్డు మీద గత సంవత్సరం లారీ ఢీకొని మా ఆయన చనిపోయారు. డ్రైవరుకు వెంటనే బెయిల్ వచ్చింది. డబ్బు తీసుకుని రాజీ పడమంటున్నారు. అతనికి శిక్ష పడదా?
– ఒక సోదరి, వినుకొండ

జవాబు: అమ్మా, బెయిల్ వచ్చినంత మాత్రాన కేసు పోయినట్టు కాదు. 2024 జులై 1 నుంచి జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహితలోని 106(1) సెక్షన్ వర్తిస్తుంది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. పాత చట్టంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ప్రాణం పోవచ్చని తెలిసీ నడిపాడని రుజువైతే 105 సెక్షన్ కింద శిక్ష ఇంకా పెరుగుతుంది.

ఈ నేరం రాజీకి వీలైనది కాదు. పంజాబ్‌కు చెందిన ఒక కేసులో పరిహారం చెల్లించారంటూ హైకోర్టు శిక్షను 24 రోజులకు తగ్గించింది. 2015లో సుప్రీంకోర్టు దాన్ని ఆరు నెలలకు పెంచింది.

పరిహారం మీ హక్కు. అందుకు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేరుగా దరఖాస్తు చేయాలి. చట్టంలో ఆరు నెలల గడువు ఉంది కాబట్టి ఇక ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా లాయరును కలవండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. ఖాళీ కాగితాల మీద మాత్రం సంతకం పెట్టకండి.