జనవరి ఒకటిన పుట్టిన అవ్వలు, తాతలు

కాశిబుగ్గలో మా వాడకట్టున పెద్దవాళ్ల కార్డులు, కాయితాలు ఒకసారి తిరగేసి చూడండి. ఒకరిది 01-01-1955, ఇంకొకరిది 01-01-1960. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి మోసిన మనిషి, బీడీలు చుట్టిన అవ్వ, అందరూ కొత్త సంవత్సరం నాడే పుట్టినట్టు ఉంటది. మా నాయనమ్మ కాయితంలో కూడా 01-01-1959 అనే ఉంది. ఆమెను అడిగితే మాత్రం లెక్క వేరు. "పెత్రమాస పోయిన మూడోనాడు పుట్టిన బిడ్డా. మా అన్నను బడిల ఏసిన ఏడు."

ఇది ఒక్క మన వాడ ముచ్చట కాదు. 2017లో హరిద్వార్ దగ్గర గైండీ ఖాతా అనే ఊరు వార్తల్లోకొచ్చింది. అక్కడ వందల మంది ఆధార్ కార్డుల మీద పుట్టినరోజు జనవరి ఒకటే.

ఎందుకిట్లా? ఆధార్ నమోదులో పుట్టిన తేదీ మూడు రకాలు. కాయితం చూపిస్తే వెరిఫైడ్. నోటితో చెప్తే డిక్లేర్డ్. తేదీ తెలియక వయసు మాత్రమే చెప్తే అప్రాక్సిమేట్. మూడో రకంలో ఆపరేటర్ వయసు కొడతాడు, సాఫ్ట్‌వేర్ దాన్ని ఆ ఏడాదిలోంచి తీసేసి పుట్టిన సంవత్సరం తేలుస్తుంది. మొదట్లో వచ్చిన చాలా కార్డుల మీద "పుట్టిన సంవత్సరం" అని నాలుగంకెలే ఉండేవి. నా ఉద్దేశంలో అదే నిజాయితీ అయిన పద్ధతి. తెలిసినంతే రాశారు.

చిక్కంతా ఆ నాలుగంకెలు ఇంకో డేటాబేస్‌లోకి పోయేటప్పుడు వస్తుంది. డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనమే చూశాం కదా, డేట్ కాలమ్‌లో ఉత్త 1959 అని కొడితే తీసుకోదు. రోజు, నెల అడుగుతుంది. మైఎస్‌క్యూఎల్ ఒకప్పుడు నెల, రోజు సున్నాలుగా ఉంచి 1959-00-00 అంటే ఒప్పుకునేది. 5.7 నుంచి మామూలు సెట్టింగుల్లో అదీ బంద్. ఇంక ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? 01-01 తగిలిస్తాడు. ఎర్రర్ పోతుంది, టెస్ట్ పాసవుతుంది. "తెలియదు" అన్న ముచ్చట మాత్రం అక్కడే చచ్చిపోతుంది. తర్వాత చదివే ఏ ప్రోగ్రాముకైనా అది అసలు తేదీయే.

వైటూకే వేరే కథ. అక్కడ ఉన్న నాలుగంకెల్లో రెండు మిగిల్చుకుందామని చూసి ఇరుక్కున్నారు (ఆ పుణ్యాన అమీర్‌పేట నుంచి చాలామంది అమెరికా విమానం ఎక్కారు, అది పక్కన పెడదాం). ఇక్కడ లేని అంకెలను మనమే పుట్టించాం. కంప్యూటర్ రాకముందు బడిపంతుళ్లు చేసిందీ ఇదే. పిల్లాడికి ఐదేళ్లు నిండినట్టు జూన్‌లోనో అటూఇటూనో ఒక తేదీ రాసేవాళ్లు. కాకపోతే పంతులుకో తీరు. సాఫ్ట్‌వేర్‌కు అందరికీ ఒకటే తీరు.

ఒక్క రోజు తేడాకు ఏమవుతుందంటారా? 2018లో మొదలైన రైతుబీమాను తీసుకోండి. పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు వస్తాయి. వయసు 18 నుంచి 59. మొదటి ఏడు 14-08-1959కి, 14-08-2000కి మధ్య పుట్టినవాళ్లను తీసుకున్నారు. వయసు చూసేది ఆధార్‌లోనే. ఇప్పుడు మా నాయనమ్మ పేరున ఎకరం పట్టా ఉందనుకుందాం. 1959 అక్టోబర్‌లో పుట్టింది కాబట్టి 2018 ఆగస్టు 14 నాటికి ఆమెకు 58 ఏళ్ల 10 నెలలు. లోపలే ఉంది. కాయితం ప్రకారం 59 దాటి ఏడు నెలలు. బయటికి. పైగా ఆమెకు అర్హత ఉన్నది ఆ ఒక్క ఏడాదే, వచ్చే ఆగస్టుకు ఎట్లాగూ వయసు దాటిపోతుంది. అంటే పథకం మొత్తం ఆమెకు పోయినట్టే. ఇందులో ఎవరి లంచం లేదు, ఎవరి కోపం లేదు. వేర్ క్లాజ్ ఒకటి నడిచింది, అంతే.

ఇదే తప్పు ఆసరా పింఛనులో తిరగబడుతుంది. అక్కడ 57 నిండాలి కదా, జనవరి ఒకటి పడ్డవాళ్లకు కొన్ని నెలలు ముందే నిండుతాయి. అందుకే అక్కడ ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు!

ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని యూఐడీఏఐయే చెప్తోంది. 2024 జనవరిలో ఈపీఎఫ్ఓ దాన్ని ఆ జాబితాలోంచి తీసేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు, వయసుకు ఆధార్ కంటే స్కూల్ సర్టిఫికెట్టే ప్రమాణం అంది. మంచిదే. కానీ బడికి పోనివాళ్లు ఏ సర్టిఫికెట్ తేవాలి?

మన చేతిలో ఉన్నది డిజైన్. ఆధార్ ఆథెంటికేషన్ ఏపీఐలో డీఓబీటీ అని ఒక చిన్న ఫీల్డ్ ఉంది, తేదీ ఏ రకమో ఒక్క అక్షరంలో చెప్పడానికి: వి, డి, లేదా ఎ. మన టేబుల్‌లో కూడా ఒక్క తేదీ కాలమ్ బదులు రెండు పెడదాం, "ఇంతకంటే ముందు కాదు", "ఇంతకంటే తర్వాత కాదు" అని. సంవత్సరం ఒక్కటే తెలిస్తే 01-01-1959, 31-12-1959 అని పడతాయి. కటాఫ్ ఆ రెంటి మధ్య పడితే ప్రోగ్రాం తానే తీసేయకుండా ఊళ్లో ఏఈఓ ముందు పెట్టాలి, ఆయన పోయి అడగాలి.

ఏమని అడుగుతాడంటే, పండుగ అడగొచ్చు. నాయనమ్మ వాళ్ల అన్న బడి రిజిస్టర్‌లో చేరిన ఏడు 1959. ఆ ఏడు పెత్రమాస అక్టోబర్ 2న వచ్చింది. మూడోనాడు అంటే అమావాస్యను లెక్కేస్తే 4, లెక్కేయకపోతే 5. రెండు కాలమ్‌లలో రాయడానికి సరిగ్గా సరిపోతాయి.