ఉరవడి నీటిలో పడవ ప్రయాణం

అమెరికాలో కొలరాడో నది గ్రాండ్ కాన్యన్ అనే మహా లోయ గుండా దాదాపు 446 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. 1869లో ఒక చేయి కోల్పోయిన జాన్ వెస్లీ పావెల్ తొమ్మిది మందితో, నాలుగు చెక్క పడవలతో బయలుదేరి ఈ లోయను దాటాడు. చివరికంటా ప్రయాణించింది ఆయనతో కలిపి ఆరుగురే. నేడు సామాన్యులు సైతం గైడు వెంట రబ్బరు పడవల్లో రోజుల తరబడి అక్కడ ప్రయాణిస్తున్నారు. ప్రమాదం పూర్తిగా పోలేదు గానీ, ఈ కింది నియమాలు దాన్ని తగ్గించాయి.

1. లైఫ్ జాకెట్ బిగించుకోనిదే పడవ ఎక్కరాదు.

2. పెద్ద ఉరవడి రాకముందే గైడు ఒడ్డున దిగి, రాళ్ళు, సుడులు ఎక్కడున్నాయో చూసి దారి నిర్ణయిస్తాడు.

3. నీటిలో పడితే వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువకు చాచాలి. నిలబడరాదు. రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది.

4. రాత్రి బస ఇసుక తిన్నెల మీద. ఎగువ డ్యాం వదిలే నీటిని బట్టి నది మట్టం మారుతుంది కనుక పడవలను గట్టిగా కట్టాలి. మలంతో సహా చెత్తనంతా డబ్బాల్లో వెంట తీసుకెళ్ళాలి.

సెలవుల్లో మనం ఈతకు దిగే కాలువల దగ్గర గైడూ ఉండడు, జాకెట్టూ ఉండదు. కాబట్టి లోతు తెలియని పారే నీటిలో దిగవద్దు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకవద్దు. కేకలు వేసి పెద్దలను పిలవండి. ఒడ్డు నుంచే తాడో, పొడవాటి కర్రో అందించండి. ఈ మాట మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా చెప్పండి.